గ్రహాల మధ్య దూరాలు ఐదో తరగతి పిల్లలకు ఎలా చూపించాలి?

తరగతి గదిలో కుదరదు, మైదానంలోకి తీసుకెళ్లండి. కొలత ఒక్కటే పెట్టుకోండి: 1 సెం.మీ. అంటే లక్ష కి.మీ. అప్పుడు సూర్యుడు 14 సెం.మీ., అంటే ఓ పంపరపనస కాయ. భూమి చిన్న ఆవగింజ, గురుడు గోళీకాయ, యురేనస్, నెప్ట్యూన్ మిరియపు గింజలు.

భూమి సూర్యుడికి 15 మీటర్ల దూరంలో ఉండాలి. అడుగులతో కొలిస్తే ఒక్కో పిల్లాడికి ఒక్కో లెక్క వస్తుంది కాబట్టి 15 మీటర్ల తాడు వాడండి. గురుడికి ఐదు తాళ్లు దాటి, 78 మీటర్లు. శని 143. నెప్ట్యూన్ 450 మీటర్లు, చాలా బళ్లలో అది గేటు బయటే పడుతుంది. నోటితో చెబితే చాలు.

గింజల్ని తెల్ల అట్టముక్కలకు జిగురుతో అంటించండి, లేదంటే మట్టిలో పడ్డ ఆవగింజ మళ్లీ దొరకదు. గ్రహాలన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టకండి. నిజంగానే అలా బారుగా ఉంటాయని పిల్లలు అనుకుంటారు.

చంద్రుణ్ణి మరిచిపోవద్దు: అదే అట్టమీద, ఆవగింజకు 3.8 సెం.మీ. దూరంలో చిన్న చుక్క.

పిల్లలు నోరు తెరిచేది కాంతి దగ్గర. ఈ కొలతలో దాని వేగం సెకనుకు 3 సెం.మీ., దాదాపు చీమ నడక. పంపరపనస నుంచి ఆవగింజకు చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది.