టెక్ సందేహాలు: ఆగిపోయిన సిస్టమ్ లిస్టులో ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: మాది అనంతపురం సార్, బెంగళూరు యలహంకలో ఎంటెక్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లోని సిస్టమ్‌లన్నిటినీ హెచ్‌టీకాండర్‌తో (ఖాళీగా ఉన్న సిస్టమ్‌లకు పనులు, అంటే జాబ్‌లు పంచే సాఫ్ట్‌వేర్) కలిపాను. మొన్న కరెంటు పోయి ఒక వరస మొత్తం ఆగిపోయింది. అయినా కాండర్ స్టేటస్ అనే కమాండ్ కొడితే అవి ఖాళీగా, పనికి సిద్ధంగా ఉన్నట్టే చూపించింది. జాబ్‌లు మాత్రం కదల్లేదు. సెటప్పే తప్పని గైడ్‌గారు అంటున్నారు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి సెటప్‌ను అనుమానించాల్సిన పనిలేదు. కాండర్ స్టేటస్ కొట్టినప్పుడు అది ఒక్కో సిస్టమ్‌నూ పలకరించి రాదు. కలెక్టర్ అనే ప్రోగ్రామ్ దగ్గరున్న జాబితాను చదివి చెబుతుంది, అంతే. ప్రతి సిస్టమ్ తన పరిస్థితిని మామూలుగా 300 సెకన్లకోసారి కలెక్టర్‌కు పంపుతుంది. కొత్త కబురు రాకపోయినా పాత కబురును కలెక్టర్ 900 సెకన్ల దాకా దాచుకుంటుంది. కాబట్టి ఆగిపోయిన సిస్టమ్ దాదాపు పావుగంట బతికున్నట్టే కనిపించొచ్చు.

షట్‌డౌన్ చేస్తే వెంటనే మాయమవుతుందిగా అంటారేమో. పద్ధతిగా ఆపితే వెళ్తున్నానని కలెక్టర్‌కు చెప్పి మరీ ఆగుతుంది. కరెంటు పోతే ఆ వ్యవధి ఎక్కడిది? హాస్టల్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి ఊరెళ్లినవాడికీ, గోడ దూకినవాడికీ ఉన్న తేడానే ఇది. రెండోవాడు లేడని వార్డెన్‌కు తెలిసేది రాత్రి హాజరు తీసుకున్నప్పుడే.

జాబ్‌లను పంచే నెగోషియేటర్ కూడా ఆ జాబితానే నమ్ముతుంది. ఫలానా సిస్టమ్ ఖాళీ అనుకుని జాబ్‌ను అటు కేటాయిస్తుంది, అవతల పలికే దిక్కుండదు, జాబ్ మళ్లీ క్యూలోకే వస్తుంది. అప్పటికే నడుస్తున్న జాబ్ అయితే ఇంకా మొండిది. తెగిన సంబంధం మళ్లీ కలుస్తుందేమోనని మామూలుగా 40 నిమిషాలు ఎదురుచూస్తుంది.

ఇకమీదట స్టేటస్‌తోపాటు లాస్ట్‌హర్డ్‌ఫ్రమ్ అనే విలువను కూడా చూపించమనండి. ఆ సిస్టమ్ నుంచి చివరిసారి కబురెప్పుడు వచ్చిందో అందులో ఉంటుంది. ఆ టైమ్ వేసేది కలెక్టరే కాబట్టి ల్యాబ్ సిస్టమ్‌ల గడియారాలు తప్పుగా ఉన్నా ఇబ్బంది లేదు. కబురు పంపే వ్యవధిని 60 సెకన్లకు, దాచుకునే వ్యవధిని 180కి తగ్గించుకోవచ్చు. చిన్న ల్యాబ్‌కు అదేమంత భారం కాదు. వేల సిస్టమ్‌లున్న చోట మాత్రం కలెక్టర్ మీద ఒత్తిడి పెరుగుతుంది. దాచుకునే వ్యవధిని మరీ 60కి దించకండి. ఒక్క కబురు దారిలో పోయినా బాగున్న సిస్టమ్ కూడా జాబితాలోంచి ఎగిరిపోతుంది.

ప్రశ్న: సిలబస్‌లో ఎండీఎస్, జీఆర్‌ఐఎస్, జీఐఐఎస్ అని ఏవేవో ఉన్నాయి. ఇప్పుడెవరైనా వాడుతున్నారా? (అదే విద్యార్థి)

జవాబు: పరీక్షకు ఎలాగూ తప్పదు. వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లను ఒక గ్రిడ్‌గా కలిపే గ్లోబస్ టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని సమాచార వ్యవస్థే ఎండీఎస్, మిగతా రెండూ దాని భాగాలు. ఒక్కో చోటి వివరాలు చెప్పేది జీఆర్‌ఐఎస్, వాటన్నిటినీ పోగేసేది జీఐఐఎస్. రెండూ ఎల్‌డాప్ అనే డైరెక్టరీ పద్ధతి మీద నడిచేవి. ఎల్‌డాప్ ఏమో తరచూ చదివే, అరుదుగా మారే సమాచారానికి పుట్టింది. సీపీయూ లోడ్ చూస్తే క్షణానికో రకంగా ఉంటుంది. అందుకని కాష్‌లో కొంతసేపు దాచి అదే చూపించేవారు. మీ కాండర్ గొడవే అక్కడా ఉందన్నమాట. గ్లోబస్ టూల్‌కిట్‌కు సపోర్ట్ 2018 జనవరితో ఆగిపోయింది. మన ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్లు గరుడ అనే మన దేశపు గ్రిడ్ కోసం, దాని స్థితిని గమనించే పర్యవేక్షణం అనే టూల్ తయారుచేశారు. సీడాక్ కేంద్రాల్లో ఒకటి మీ బెంగళూరులోనే ఉంది కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో ఆ ప్రస్తావన ఉంటే బాగుంటుంది.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. సర్వర్ల అంకెలు సేకరించే ప్రొమీథియస్, వాటిని గ్రాఫ్‌లుగా చూపే గ్రఫానా పెట్టుకున్నాం. రాత్రి రెండు సర్వర్లు పడిపోయినా అలర్ట్ రాలేదు. పైగా గ్రాఫ్‌లో సగటు లోడ్ తగ్గినట్టు కనిపించింది!

జవాబు: మీ అలర్ట్ రూల్ ‘సీపీయూ 90 శాతం దాటితే’ అనే తరహాలో ఉండి ఉంటుంది. సర్వర్ పడిపోతే ఆ అంకె రావడమే ఆగిపోతుంది. లేని అంకె 90 దాటేదెలా? పడిపోయినవి బాగా లోడ్ ఉన్న సర్వర్లే అయితే మిగిలినవాటి సగటు హాయిగా కిందికి దిగుతుంది. పై ఆఫీసర్ అది చూసి మిమ్మల్ని మెచ్చుకునే ప్రమాదం కూడా ఉంది.

ప్రొమీథియస్ ప్రతి సర్వర్‌నూ తనే వెళ్లి అడుగుతుంది. జవాబొస్తే అప్ అనే మెట్రిక్ (కొలత) విలువ 1, రాకపోతే 0. ముందు దానిమీద అలర్ట్ పెట్టండి. సర్వర్ పేరే టార్గెట్ల లిస్టులోంచి జారిపోతే అప్ కూడా ఉండదు, దానికి, ఉండాల్సిన అంకె లేదని పట్టుకునే ఆబ్సెంట్ ఫంక్షన్ వాడాలి. పుష్‌గేట్‌వే (ప్రోగ్రామ్‌లే తమ అంకెలను తోసే మధ్యవర్తి) వాడుతుంటే ఇంకో జాగ్రత్త: చివరిగా తోసిన అంకెను అది తనంతట తాను మరచిపోదు, ఎన్నాళ్లయినా చూపిస్తూనే ఉంటుంది. ఇక ప్రొమీథియసే పడిపోతే చెప్పేవాళ్లెవరు? ఎప్పుడూ మోగుతూ ఉండే ఒక అలర్ట్‌ను బయటి సర్వీస్‌కు పంపుతూ ఉండండి. అది ఆగిన క్షణాన మీ ఫోన్ మోగాలి.

ప్రశ్న: మా కాలేజీ క్లస్టర్‌లో (ఒకటిగా కలిపిన కంప్యూటర్ల గుంపు) వాటి లోడ్‌ను గమనించే పాత గాంగ్లియా ఉంది. తీసేసి గ్రఫానా పెట్టమంటారా?

జవాబు: గాంగ్లియా తన అంకెలను దాచే ఆర్‌ఆర్‌డీ అనే రకం ఫైళ్ల సైజు పెరగదు, పాత అంకెలను సగటు చేసి కుదించేస్తుంది. పోయిన ఏడాది ఒకనాడు పది నిమిషాలపాటు లోడ్ ఎందుకు పెరిగిందో వెతకాలంటే అందులో దొరకదు. అలాంటి అవసరం ఉంటే మార్చండి. లేదంటే సెమిస్టర్ మధ్యలో దాని జోలికి పోకండి.