తమ్ముడి జబ్బు సంగతి కోర్టులో చెప్పాలా, దాచాలా?

(పాఠకుల ప్రశ్నలకు అమలాపురం నుంచి ఒక మహిళా న్యాయవాది జవాబులు)

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. తమ్ముడికి 31 ఏళ్లు, కొబ్బరి వలుపు పనికి వెళ్తాడు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మందులు వాడుతున్నాం. సంక్రాంతికి ముందు ‘బాగానే ఉన్నాగా’ అని మానేశాడు. తర్వాత, ‘నన్ను చంపడానికి చూస్తున్నాడు’ అంటూ పక్క వీధి కిరాణా కొట్టాయన మీద కర్రతో పడ్డాడు. ఆయన తల పగిలి కుట్లు పడ్డాయి. కేసయింది. తమ్ముడు ఇప్పుడు రిమాండులో సబ్ జైల్లో ఉన్నాడు. మందులు ఇస్తున్నట్టు లేదు. ములాఖత్‌కి వెళ్తే నన్నే గుర్తుపట్టనట్టు చూశాడు. లాయరు గారేమో ‘జబ్బు సంగతి ఎత్తొద్దు, మామూలు బెయిలు వేద్దాం’ అంటున్నారు. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి నాన్న కూడా వద్దంటున్నారు. ఏం చేయమంటారు మేడమ్?
– ఒక అక్క

జవాబు: దాచకండమ్మా. కానీ బెయిలు కన్నా ముందు మందుల సంగతి చూడాలి.

ఉత్తరంతో పాటు మీరు పంపిన ఓపీ చీటీ జెరాక్సు చూశాను. సరిగ్గా మడత పడిన చోట అంకె చెరిగిపోయింది. రిస్పెరిడోన్ మందు 2 మిల్లీగ్రాములో, 4 మిల్లీగ్రాములో నాకు అర్థం కాలేదు. ఇదే కాగితం జైలుకు వచ్చే డాక్టరు ముందు పెడితే ఆయన మాత్రం ఏం రాస్తారు? సబ్ జైల్లో సైకియాట్రిస్టు ఉండరు, వచ్చే డాక్టరు అన్ని జబ్బులూ చూసే డాక్టరే. కాబట్టి రేపే కాకినాడ వెళ్లి, ఓపీ నంబరు చెప్పి, రోగం పేరు, మందు పేరు, మోతాదు, చివరిగా ఎప్పుడు చూపించుకున్నాడో రాసివ్వమని అడగండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 25వ సెక్షను తన వైద్య రికార్డు చూసుకునే హక్కు రోగికి ఇచ్చింది. ‘మనిషి రాకుండా ఇవ్వం’ అంటే గొడవ పడకండి. రికార్డు తెప్పించమని లాయరు చేత మేజిస్ట్రేటు గారికి పిటిషను వేయించండి. కోర్టు అడిగితే ఆసుపత్రి పంపుతుంది.

ఆ కాగితం ఒక కాపీ జైలు సూపరింటెండెంటుకి అర్జీతో ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఇంకోటి మెమో పెట్టి కోర్టులో వేయండి. మందులిప్పించమని, సైకియాట్రిస్టుకు చూపించమని కోర్టు ఆదేశిస్తే జైలు వాళ్లకూ పని సులువవుతుంది. ఎస్కార్టుకి పోలీసుల్ని అడగడానికి వాళ్ల చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఇంట్లో మిగిలిన మాత్రలు మాత్రం గేటు దగ్గర ఇచ్చి రాకండి. మానేసి చాలా రోజులైంది, పాత మోతాదు మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. క్లోజపైన్ లాంటి మందయితే రెండు రోజులు దాటి ఆగినా మళ్లీ చిన్న మోతాదు నుంచే ఎక్కించుకుంటూ రావాలి.

ఇక మీ లాయరు గారి మాట. పూర్తిగా తప్పని అనను. జబ్బు సంగతి ఎత్తితే విచారణ ఆగిపోయి కేసు ఏళ్ల తరబడి నానుతుందని ఆయన భయం. అలా నానిన కేసులు నేనూ చూశాను. కానీ ఇక్కడ రెండు దారులున్నాయి, ఆయన ఒక్కటే చూస్తున్నారు. తమ్ముడు లాయరుతో మాట్లాడగలిగి, కోర్టులో ఏం జరుగుతోందో తెలుసుకోగలిగే స్థితిలో ఉంటే మామూలు బెయిలు పిటిషనే వేయండి, దానికి వైద్యం కాగితాలు జతచేస్తే చాలు. అక్కనే గుర్తుపట్టలేదంటున్నారు కాబట్టి నాకు రెండో దారే సరైందనిపిస్తోంది.

అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉంది, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన చట్టం. 367వ సెక్షను కింద మేజిస్ట్రేటు గారు డాక్టరు చేత పరీక్ష చేయిస్తారు. తన కేసు తాను వాదించుకునే స్థితిలో లేడని తేలితే 369 కింద బెయిలు మీద విడుదల చేయాలి. నాన్ బెయిలబుల్ కేసయినా సరే. షరతులు రెండు. ఆసుపత్రిలో చేర్చి చూడాల్సినంత జబ్బు కాకూడదు. దగ్గర్లోని ఆసుపత్రిలో క్రమం తప్పకుండా ఓపీలో చూపిస్తాననీ, తనకు గానీ ఇంకొకరికి గానీ హాని చేసుకోకుండా చూసుకుంటాననీ బంధువో స్నేహితుడో పూచీ ఇవ్వాలి. ఆ పూచీ మీరివ్వొచ్చు.

‘దగ్గర్లోని’ అన్న చోట నిజం రాయండి. గొప్పగా ఉంటుందని కాకినాడ అని రాసి, మూడో నెల నుంచి వెళ్లలేక ఆగిపోతే పూచీ తప్పినట్టే. అమలాపురం వెళ్లగలరా, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లగలరా, ఏది నెలనెలా కుదురుతుందో చూసుకోండి. అక్కడ సైకియాట్రిస్టు వస్తున్నారో లేదో, ఏ వారం వస్తారో కనుక్కున్నాకే రాయండి. కాకినాడ డాక్టరు గారి నుంచి ఆ డాక్టరుకి ఒక ఉత్తరం తీసుకోండి. ఇంకో మాట. బెయిలిస్తే స్టేషనులో సంతకం పెట్టమని షరతు ఉంటుంది. సంతకం పెట్టాల్సిన రోజు, ఓపీకి వెళ్లాల్సిన రోజు ఒకటే కాకుండా చూడమని ముందే కోర్టును అడగండి. ఇది ఎవరికీ తట్టదు, తర్వాత ఆసుపత్రిలో క్యూలో ఉన్నవాడు స్టేషనుకి రాలేదని బెయిలు రద్దు పిటిషను పడుతుంది.

2022లో జిల్లాలు విడగొట్టాక మన పరిస్థితి చూడండి. మీ కోర్టు కోనసీమ జిల్లాలో, ఆసుపత్రి కేసు షీటు కాకినాడ జిల్లాలో, సెంట్రల్ జైలు రాజమహేంద్రవరంలో, అంటే తూర్పు గోదావరి జిల్లాలో. ఒకప్పుడు అంతా ఒకే జిల్లా. అప్పుడైనా ఒకరి కాగితం ఒకరికి వెళ్లేదని కాదు గానీ, ఇప్పుడు ‘మా జిల్లా కాదు’ అనడానికి వీలు పెరిగింది. ముగ్గురి మధ్య ఫైలు మోసే ఉద్యోగం అసలు ప్రభుత్వం వేయాలి. వేయలేదు కాబట్టి అక్కలూ అమ్మలూ మోస్తున్నారు. ఆ మోసేది ఇంట్లో ఒక్కరే అయితే మంచిది, నలుగురి దగ్గర నాలుగు కాగితాలుంటే వాయిదా రోజున ఏదీ దొరకదు.

జబ్బు వల్లనే కొట్టాడన్నది వేరే వాదన. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను కింద, కొట్టిన సమయంలో తనేం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలియని స్థితిలో ఉన్నాడని మనమే చూపించాలి. ఈరోజు ఎలా ఉన్నాడన్నది దానికి చాలదు. ఆ వారంలో వింతగా మాట్లాడింది విన్నవాళ్లు, పాత చీటీలు, మందు కొన్న బిల్లులు అప్పుడు పనికొస్తాయి. జబ్బు దాచి బెయిలు తెచ్చుకుంటే రేపు ఇదే వాదన ఎత్తినప్పుడు ‘ఇన్నాళ్లూ చెప్పలేదేం?’ అని అవతలి లాయరు అడుగుతాడు.

చెల్లి సంబంధం గురించి నాన్నగారికి చెప్పండి: కర్ర పట్టుకుని వీధిలో పరుగెత్తడం ఊరంతా చూసింది. సంబంధం చెడగొట్టాలనుకునేవాడు కోర్టు ఫైలు చదివి చెడగొట్టడు. ఆసుపత్రి రికార్డుల్ని గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. అనుమతి లేకుండా అతని ఫోటో గానీ జబ్బు వివరాలు గానీ పత్రికలకు ఇవ్వకూడదు.

దెబ్బ తిన్న కొట్టాయన్ని మరిచిపోకండి. ఆసుపత్రి ఖర్చు ఇవ్వాలనుకుంటే లాయరు ద్వారా ఇవ్వండి, నేరుగా వెళ్తే సాక్షిని బెదిరించారంటారు. లాయరు ఫీజు భారమైతే కస్టడీలో ఉన్నవాళ్లకి న్యాయ సహాయం ఉచితం. రాజోలు కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవల కమిటీని అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అక్కను విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల నుంచి డిశ్చార్జి చేస్తామన్నారు. నెలకోసారి ఇంజెక్షను. మాది పాలకొల్లు. ఇక్కడ ఎవరికి చూపించాలో ఎవరూ చెప్పడం లేదు.
– ఒక తమ్ముడు

జవాబు: చెప్పకుండా పంపకూడదు బాబూ. 2017 చట్టంలో 98వ సెక్షను ప్రకారం, డిశ్చార్జికి ముందే అక్కడి సైకియాట్రిస్టు మీ అక్కతో, మీతో, ఇక్కడ చూడబోయే డాక్టరుతో మాట్లాడి తర్వాతి వైద్యం ఎలా సాగాలో నిర్ణయించాలి. వార్డులో నర్సుని కాదు, యూనిట్ డాక్టరుని ‘డిశ్చార్జి ప్లాను రాసివ్వండి’ అని అడగండి. అందులో మందు అసలు పేరు, మోతాదు, చివరి ఇంజెక్షను తేదీ, తర్వాతిది వేయాల్సిన తేదీ ఉండాలి. కంపెనీ పేరు ఒక్కటే రాస్తే ఒప్పుకోకండి. ఇక్కడి షాపులో ఆ పేరు దొరక్క వేరే పేరుతో అదే మందు ఇస్తే, పాతదీ కొత్తదీ కలిపి వేసుకునేవాళ్లున్నారు. ఇంజెక్షను ఏ డాక్టరు వేస్తారో భీమవరం, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇప్పుడే కనుక్కోండి, మనిషి ఇంటికొచ్చాక కాదు. మధ్యలో ఏ రాత్రయినా టెన్షన్ పడితే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్టుకీ ఇవే కాగితాలు కావాలి. అక్కడి నుంచి వచ్చేటప్పుడే అసలు కాపీలు తెచ్చుకోండి, మళ్లీ విశాఖ వెళ్లడమంటే మీకు ఒక రోజు కూలీ పోతుంది.

ప్రశ్న: మా పక్కింటి పెద్దాయన్ని ఇంటివాళ్లు గొలుసుతో కట్టేస్తున్నారు. అడిగితే ‘మా ఇంటి సంగతి’ అంటున్నారు. మేం చెప్పొచ్చా?
– నరసాపురం దగ్గర నుంచి

జవాబు: చెప్పొచ్చు. మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను కింద నిషేధం. 101 ప్రకారం ఇంట్లో హింసకో నిర్లక్ష్యానికో గురవుతున్నట్టు తెలిస్తే స్టేషను ఆఫీసరు మేజిస్ట్రేటుకి రిపోర్టు పంపాలి. మేజిస్ట్రేటు ఆయన్ని పరీక్షకు పంపవచ్చు. స్టేషనుకి వెళ్లేముందు ఆ ఇల్లాలితో ఒకసారి మాట్లాడండి. చాలా ఇళ్లలో గొలుసు ద్వేషంతో పడదు. మందు ఎక్కడ దొరుకుతుందో తెలియక పడుతుంది. ఆవిడ ఒప్పుకోకపోతే మాత్రం ఆగకండి, అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.