రీస్టార్ట్ అడగని అప్‌డేట్ కావాలంటే

ప్రశ్న: మేడమ్, మా విండోస్ ప్రోగ్రామ్‌కి ఎంఎస్‌ఐ ఇన్‌స్టాలర్ (విండోస్ ఇన్‌స్టాలర్ చదివి ప్రోగ్రామ్‌ను వేసే ప్యాకేజీ ఫైల్) తయారుచేసే పని నాది. 3.1.0.7 ఉన్న మెషీన్‌లో 3.1.0.8 వేస్తే ప్రోగ్రామ్‌ల జాబితాలో రెండూ కనిపిస్తున్నాయి. పైగా చివర్లో రీస్టార్ట్ చేయమంటోంది. కమాండ్ లైన్‌లో రీస్టార్ట్‌ని అణిచేస్తే సరిపోతుందా?

జవాబు: మొదటి సమస్య మీ నంబర్లోనే ఉంది. రెండు ప్రోడక్టులను పోల్చేటప్పుడు విండోస్ ఇన్‌స్టాలర్ వెర్షన్‌లో మొదటి మూడు భాగాలే చూస్తుంది, నాలుగోదాన్ని లెక్కలోకి తీసుకోదు. మీ రెండు వెర్షన్లూ దానికి 3.1.0 కిందే లెక్క. ప్రోడక్ట్ కోడ్ (ఒక్కో ప్రోడక్ట్‌ను గుర్తుపట్టే నంబర్) కొత్తది ఇచ్చారు, తీసేయడానికి 'పాతది' అనేదేమో దానికి దొరకలేదు. అందుకే రెండూ మిగిలాయి. మూడో భాగాన్ని పెంచండి. మేజర్ అప్‌గ్రేడ్ (పాతదాన్ని తీసేసి కొత్తది వేయడం) చేసిన ప్రతిసారీ ప్రోడక్ట్ కోడ్ మార్చండి, అన్ని వెర్షన్లనూ ఒకే కుటుంబంగా కలిపే అప్‌గ్రేడ్ కోడ్ జోలికి మాత్రం వెళ్లకండి. పాతది ఒక యూజర్‌కి మాత్రమే వేసి, కొత్తది మెషీన్ మొత్తానికి వేసినా ఇదే గతి. ఆ రెంటికీ మధ్య అప్‌గ్రేడ్ పనిచేయదు.

ఇక రీస్టార్ట్. అణిచేయడం గురించి తర్వాత చెప్తాను. ముందు అదెందుకు అడుగుతోందో తెలుసుకోండి. ఎంఎస్‌ఐ ఫైళ్లను నడిపే ఎంఎస్‌ఐఎగ్జెక్ కమాండ్‌ని స్లాష్ ఎల్ స్టార్ వి (/l*v) స్విచ్‌తో నడిపి పూర్తి లాగ్ తీయండి. అందులో 'ఇన్ఫో 1603' అని వెతకండి. ఏ ఫైల్ వాడకంలో ఉందో, దాన్ని ఏ ప్రాసెస్ పట్టుకుని కూర్చుందో ఆ లైన్‌లో ఉంటుంది. ఇన్‌స్టాల్ ఫెయిలైతే వచ్చే 1603 వేరు, దాంతో దీన్ని కలిపేసుకోకండి. దాని కిందనే చాలాసార్లు 'ఇన్ఫో 1903' కూడా కనిపిస్తుంది, కాన్ఫిగ్ డాట్ ఎంఎస్‌ఐ ఫోల్డర్‌లో ఆర్‌బీఎఫ్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైల్‌ను రీబూట్‌లో తొలగిస్తామని. దీని వెనక జరిగేదేంటంటే, నడుస్తున్న ఈఎక్స్‌ఈని గానీ లోడైన డీఎల్‌ఎల్‌ని (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైల్) గానీ విండోస్ చెరపనివ్వదు, కానీ పేరు మార్చనిస్తుంది. ఇన్‌స్టాలర్ పాత ఫైల్‌ను పేరు మార్చి పక్కకు జరిపి (ఆ ఆర్‌బీఎఫ్ ఫైల్ ఇదే), దాని చోట కొత్తది పెడుతుంది. డిస్క్ మీద కొత్తది, మెమరీలో పాతది. 'అప్‌డేట్ చేశాక కూడా పాత వెర్షనే చూపిస్తోంది' అని యూజర్లు చెప్పేది అక్షరాలా నిజం, వాళ్లని అనుమానించకండి.

కాబట్టి ఆ ఫైల్‌ను వదిలించడమే అసలు మందు. పట్టుకున్నది మీ సర్వీసే (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) అయితే దాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టే పనిని ఎంఎస్‌ఐలోని సర్వీస్ కంట్రోల్ టేబుల్‌కి అప్పగించండి. మీ ప్రోగ్రామ్ విండోయే అయితే విస్టా నుంచి రీస్టార్ట్ మేనేజర్ ఉంది. ప్రోగ్రామ్ మొదలవగానే రిజిస్టర్ అప్లికేషన్ రీస్టార్ట్ ఫంక్షన్‌ని పిలిస్తే, ఇన్‌స్టాలర్ దాన్ని మర్యాదగా మూసి, పనయ్యాక తిరిగి తెరవగలదు. టెస్ట్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ కనీసం 60 సెకన్లు నడిచాకే అప్‌డేట్ మొదలుపెట్టండి, లేకపోతే విండోస్ దాన్ని తిరిగి తెరవదు. మూసే పనికి మీరే కస్టమ్ యాక్షన్ (ఇన్‌స్టాల్ మధ్యలో నడిచే మీ సొంత కోడ్) రాసుకుంటే అది ఇన్‌స్టాల్ వాలిడేట్ అనే దశ కంటే ముందు నడవాలి. వాడకంలో ఉన్న ఫైళ్ల లెక్క తీసేది అక్కడే. ఆ తర్వాత మూసినా 'ఫైళ్లు వాడకంలో ఉన్నాయి' అనే డైలాగ్ ఆగదు.

ఇప్పుడు అణిచేయడం. రీబూట్ ప్రాపర్టీకి 'రియల్లీ సప్రెస్' ఇవ్వండి, తప్పేం లేదు, నేనూ ఇస్తాను. ఎందుకో చెప్తాను. ఒకసారి నేను తయారుచేసిన అప్‌డేట్‌ను ఒక ఆఫీసులో రాత్రిపూట సైలెంట్‌గా పంపించారు. డైలాగులు లేని మోడ్‌లో రీస్టార్ట్ అవసరం పడితే, ఆపమని చెప్పకపోతే, విండోస్ ఇన్‌స్టాలర్ ఎవరినీ అడగదు, చేసేస్తుంది. నైట్ షిఫ్టులో ఉన్న ఒకావిడ రిపోర్టు టైప్ చేస్తుండగానే స్క్రీన్ నల్లబడింది. మర్నాడు ఫోన్‌లో ఆవిడ నా మీద కేకలేయలేదు. "సేవ్ చేసుకోవడానికి ఒక్క నిమిషం ఇచ్చి ఉంటే బాగుండేదండీ" అన్నారు, అంతే. ఆ నిమిషం ఇవ్వాల్సింది నేనే. అప్పటినుంచి నా చేతిమీదుగా వెళ్లే ఏ ప్యాకేజీ కూడా తనంతట తాను మెషీన్‌ను రీస్టార్ట్ చేయలేదు.

అణిచినంత మాత్రాన అవసరం తీరిపోదు. అప్పుడు ఇన్‌స్టాలర్ 3010 అనే కోడ్ తిరిగిస్తుంది. పని సక్రమంగా అయింది, రీస్టార్ట్ బాకీ ఉంది అని దానర్థం. సున్నా కానిదంతా ఫెయిలే అనుకునే స్క్రిప్టులు దీన్ని చూసి మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ పోతాయి. మీ స్క్రిప్టు అలా చేయకుండా చూసుకోండి. 1641 వస్తే రీస్టార్ట్ ఇప్పటికే మొదలైందన్నమాట. బాకీ ఉన్న మెషీన్ మీద ఇంకో ఇన్‌స్టాలర్ వేసే ముందు సెషన్ మేనేజర్ రిజిస్ట్రీ కీలో 'పెండింగ్ ఫైల్ రీనేమ్ ఆపరేషన్స్' విలువ చూడండి. పాత అన్‌ఇన్‌స్టాలర్ ఏదైనా మీ ఫైల్ పేరును తొలగించాల్సిన జాబితాలో రాసిపెట్టి ఉంటే, మీరు అదే చోట కొత్త ఫైల్ పెట్టినా బూట్ అయ్యేటప్పుడు అదీ పోతుంది.

ప్రశ్న: అప్‌గ్రేడ్ అయ్యాక ఒక డీఎల్‌ఎల్ కనబడటం లేదు. రిపేర్ నొక్కితే వస్తోంది. రీస్టార్ట్ చేయకపోవడం వల్లేనా?

జవాబు: దీనికి రీస్టార్ట్‌తో సంబంధం లేదండీ. కొత్త ప్యాకేజీలో ఆ డీఎల్‌ఎల్ ఫైల్ వెర్షన్ పాతదానికంటే తక్కువై ఉంటుంది, చూడండి. ఏ ఫైల్ వేయాలన్న నిర్ణయం మొదట్లోనే, పాత ప్రోడక్ట్ ఇంకా ఉండగానే జరిగిపోతుంది. 'ఇక్కడ పెద్ద వెర్షన్ ఉంది కదా' అని కొత్తది వేయకుండా వదిలేస్తుంది. తర్వాత పాత ప్రోడక్ట్‌ను తీసేటప్పుడు ఆ పెద్ద వెర్షనూ పోతుంది. రిపేర్ చేసేసరికి అక్కడ ఏ ఫైలూ లేదు కాబట్టి ఈసారి వేస్తుంది. డీఎల్‌ఎల్ మీదే అయితే వెర్షన్ పెంచి మళ్లీ బిల్డ్ చేయండి. బయటివాళ్లదైతే ఎంఎస్‌ఐ ఫైల్ టేబుల్‌లో పెద్ద వెర్షన్ రాసి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. నేనైతే తప్పనిసరైతేనే ఆ పని చేస్తాను, ఎందుకంటే ఆ తర్వాత ఎవరు లాగ్ తెరిచినా అందులో కనిపించే వెర్షన్ ఒకటి, డిస్క్ మీద ఉండేది ఇంకొకటి.