స్వాతంత్ర్య రెఫరెండంలో 50 శాతం దాటితే చాలా? గ్లాస్గోలో ఓటేసినవాడిగా నా జవాబు

ప్రశ్న ఇది: "ఒక ప్రాంతం దేశం నుంచి విడిపోవాలా వద్దా అని రెఫరెండం (ప్రజలనే నేరుగా ఓటు అడగడం) పెడితే, సగానికి ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలా? పార్లమెంటు 60 శాతం లాంటి నియమం పెట్టాలా?"

చాలు. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు. 60 శాతం కావాలనేవాళ్లు 1979లో, బ్రిటన్‌లో భాగమైన స్కాట్లాండ్‌లో ఏం జరిగిందో ఒకసారి చదవాలి.

అప్పుడు జనాన్ని అడిగింది స్వాతంత్ర్యం గురించి కూడా కాదు, స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో ఒక అసెంబ్లీ కావాలా అని. ఆ బిల్లు మీద లండన్ పార్లమెంటులో చర్చ నడుస్తుండగా 1978 జనవరిలో జార్జ్ కన్నింగ్‌హామ్ అనే ఎంపీ ఒక సవరణ తెచ్చాడు. అధికారంలో ఉన్న లేబర్ పార్టీవాడే, స్కాట్లాండ్ మనిషే, గెలిచింది మాత్రం లండన్‌లోని ఇస్లింగ్టన్ నుంచి. ఓటర్ల జాబితాలో ఉన్న మొత్తం జనంలో 40 శాతం "అవును" అనకపోతే ఆ చట్టాన్ని రద్దు చేసే ఉత్తర్వు సభ ముందుకు రావాలన్నది ఆ సవరణ. అది నెగ్గింది. 1979 మార్చి 1న పోలైన ఓట్లలో 51.6 శాతం "అవును" అన్నాయి. జాబితా మొత్తం మీద లెక్కేస్తే అది 32.9 శాతం. అసెంబ్లీ రాలేదు. జ్వరమొచ్చి పడుకున్నవాడు, ఊళ్లో లేనివాడు, ఎటూ తేల్చుకోలేక ఇంట్లో ఉండిపోయినవాడు, అందరూ "వద్దు" లెక్కలోకే వెళ్లారు.

అదే నెల 28న అవిశ్వాస తీర్మానంలో బ్రిటన్ ప్రధాని జేమ్స్ కాలహన్ ప్రభుత్వం 311-310తో పడిపోయింది. ప్రభుత్వాన్ని దించడానికి ఆ సభకు ఒక్క ఓటు తేడా సరిపోయింది. స్కాట్లాండ్ ప్రజలకు 77 వేల పైచిలుకు ఆధిక్యం వచ్చినా సరిపోలేదు. ఇది అన్యాయం కాక మరేమిటి? వాళ్ల పార్లమెంటు రావడానికి 1997లో ఇంకో రెఫరెండం, ఆపైన 1999 దాకా ఆగడం.

అయినా శాతాల గొడవ కన్నా పెద్దది ఇంకోటుంది. ఓటు ఎవరికివ్వాలి? ఇది నాకు స్వయంగా అనుభవం.

2014లో స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా అని రెఫరెండం పెట్టారు. అప్పుడు నేను అక్కడి గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్నాను, ఇండియన్ పాస్‌పోర్ట్‌తో, వర్క్ వీసా మీద. స్కాటిష్ పార్లమెంటు 2013లో చేసిన ఓటు హక్కు చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో ఉంటున్న కామన్‌వెల్త్ (ఎక్కువగా పాత బ్రిటిష్ వలస దేశాల కూటమి, ఇండియా కూడా అందులో ఉంది) పౌరులకు, యూరోపియన్ యూనియన్ పౌరులకు ఓటుంది. 16 ఏళ్లు నిండిన పిల్లలకూ ఉంది. స్కాట్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డవాళ్లకు లేదు.

మా టీమ్‌లో ఒక గ్లాస్గో ఆయన ఉండేవాడు, నాకన్నా వయసులో చాలా పెద్ద. ఆగస్టులో ఒకరోజు లంచ్ దగ్గర నా ఓటు సంగతి వచ్చింది. ఆయన ఫోర్కు కింద పెట్టేసి, "మా చెల్లెలు ఇక్కడే పుట్టి పెరిగింది, పెళ్లయి న్యూకాసిల్‌లో ఉంది. దానికి ఓటు లేదు. నీ వీసా అయిపోతే నువ్వు వెళ్లిపోతావు, నీకుంది. ఇది న్యాయమేనా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. బల్ల దగ్గర అందరూ నా వంక చూస్తున్నారు. నేను చెప్పింది ఇదీ: "రేపు ఇక్కడ పన్ను మారితే కట్టేది నేను. కరెన్సీ మారితే నా జీతం మారుతుంది. మా పాప వెళ్లేది ఇక్కడి బడికే. మీ చెల్లెలికి ఇది పుట్టిల్లు, నాకు కాపురమున్న ఇల్లు." ఆయన ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం నన్ను తన కార్లో ఇంటి దగ్గర దింపాడు.

నేను ఇప్పటికీ అదే మాట మీదున్నాను. పుట్టుకను బట్టి ఓటిస్తే ఎవరు అసలైన స్కాట్ అన్న వెతుకులాట మొదలవుతుంది, దానికి అంతుండదు. నివాసాన్ని బట్టి ఇస్తే రిజిస్టర్ చూస్తే తేలిపోతుంది. జైల్లో ఉన్నవాళ్ల విషయంలో మాత్రం ఎడిన్‌బరో సభ తప్పు చేసింది. కొందరు ఖైదీలకైనా ఓటిద్దామని గ్రీన్ పార్టీ, లిబరల్ డెమోక్రాట్లు ప్రయత్నించారు, సభ తోసిపుచ్చింది.

సెప్టెంబర్ 18న మా వీధి చివర స్కూల్లో ఓటేశాను. ఐడీ అడగలేదు. పేరు, ఇంటి నంబరు చెబితే ఒకావిడ జాబితా మీద స్కేలు ఆనించి, పెన్సిల్‌తో నా పేరు మీద గీత గీసింది. వేలికి సిరా లేదు. "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?" అని ఒకే ప్రశ్న, రెండు గడులు. స్కాట్లాండ్ ప్రభుత్వం మొదట రాసుకున్నది "కావాలని మీరు అంగీకరిస్తారా?" అని. అలా అడిగితే జనం "అవును" వైపు మొగ్గుతారని ఎలక్టోరల్ కమిషన్ చెప్పి మార్పించింది. ఆ పని అన్ని దేశాల్లోనూ జరగాలి. నేను ఏ గడిలో పెట్టానో ఇక్కడ చెప్పను.

రాత్రి తెనాలి నుంచి నాన్న ఫోన్. అప్పటికి రాష్ట్రం విడిపోయి నాలుగు నెలలు కూడా కాలేదు. "మమ్మల్ని ఎవరడిగార్రా? పరాయి దేశంలో నిన్ను పిలిచి మరీ అడిగారు" అన్నారు. రాష్ట్ర విభజన వేరు, దేశం విడిపోవడం వేరు, అది నాకు తెలుసు. మన రాజ్యాంగంలోని 3వ అధికరణం కింద అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, పాటించాలని లేదు. ఆ ఫిబ్రవరిలో లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టడం టీవీలో చూసి నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన బాధ నాకర్థమైంది. తెలంగాణలోని మా స్నేహితుల సంతోషం కూడా అంతే అర్థమైంది. కానీ ఇటైనా అటైనా మనిషిని నేరుగా అడిగితే ఆ గౌరవమే వేరు. స్కాట్లాండ్‌లో 84.6 శాతం మంది వచ్చి ఓటేశారంటే అందుకే. 55.3 శాతం "వద్దు" అన్నారు. మా ఆఫీసులో ఓడినవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు, కానీ లెక్క తప్పని ఒక్కరూ అనలేదు.

ఎందుకంటే 2012 అక్టోబర్‌లో బ్రిటన్ ప్రధాని కామెరాన్, స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత సాల్మండ్ కూర్చుని ఎడిన్‌బరో ఒప్పందం మీద సంతకాలు పెట్టుకున్నారు, ఓటింగ్‌కు ముందే నియమాలు తేల్చుకున్నారు. కెనడా చూడండి. 1995లో అక్కడి క్యూబెక్ రాష్ట్రం విడిపోవాలా అని అడిగితే "వద్దు" 50.58 శాతంతో గట్టెక్కింది. ఆ భయంతో 2000లో క్లారిటీ చట్టం చేశారు. అందులో "స్పష్టమైన మెజారిటీ" రావాలన్నారు, ఎంత శాతమో రాయలేదు. ఓట్లు లెక్కపెట్టాక ఒట్టావాలోని కెనడా పార్లమెంటు సభ తేలుస్తుందట. కబడ్డీ ఆట అయిపోయాక గీత గీసినట్టుంది. దానికన్నా సెర్బియా నుంచి విడిపోవడానికి మాంటెనెగ్రోలో 2006లో పెట్టిన 55 శాతం నయం. నాకది నచ్చదు, కానీ ముందే చెప్పారు. 55.5 శాతం వచ్చింది, బతికిపోయారు. 54 వచ్చుంటే సగానికి పైగా జనం కోరుకున్న దేశాన్ని ఆపి ఆ గొడవను ఎవరు సర్దేవారు?

ఇప్పుడు స్కాట్లాండ్‌లో అసలు సమస్య శాతం కాదు. లండన్ ఒప్పుకోకుండా రెఫరెండం చట్టం చేసే అధికారం ఎడిన్‌బరోకు లేదని 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మరి లండన్ ఎప్పుడు ఒప్పుకోవాలి? స్వాతంత్ర్యం కోరే పార్టీలు ఎన్ని ఎన్నికలు గెలిస్తే? ఎక్కడా రాసి లేదు. బ్రిటన్ నుంచి విడిపోయి ఐర్లండ్‌లో కలవడానికి ఉత్తర ఐర్లండ్‌కు 1998 చట్టంలో కనీసం ఒక దారి ఉంది. మెజారిటీ వచ్చేలా కనిపిస్తే లండన్ ప్రభుత్వ మంత్రి రెఫరెండం పెట్టి తీరాలి, రెండు రెఫరెండాల మధ్య 7 ఏళ్లు ఆగాలి. లండన్ పార్లమెంటు ఎంపీలు స్కాట్లాండ్‌కు కూడా అలాంటి నియమం చట్టంలో రాయాలి. అది రాశాక 50 చాలా, 60 కావాలా అని ఎంతసేపైనా చర్చించుకోవచ్చు.