గే, లెస్బియన్ వ్యక్తులను క్రైస్తవ విశ్వాసం అంగీకరిస్తుందా?

సంఘాలన్నిటిదీ ఒకే మాట కాదు. వ్యతిరేకించేవారు బైబిలులోని లేవీయకాండము 18:22, రోమీయులకు 1:26-27, 1 కొరింథీయులకు 6:9 చూపిస్తారు. పాపం వల్ల దేవుడు నాశనం చేశాడని బైబిలు చెప్పే సొదొమ పట్టణం కథనూ ఎత్తుతారు. కానీ సొదొమ దోషమేమిటో యెహెజ్కేలు 16:49 చెబుతుంది: గర్వం, తిండి సమృద్ధి, నిశ్చింత, దీనులకు చేయూతనివ్వకపోవడం. తరువాతి వచనంలో హేయక్రియల మాట ఉంది గానీ, అవేమిటో అక్కడ చెప్పలేదు. ఇక కొరింథీయులకు రాసిన ఆ లేఖలో అపొస్తలుడు పౌలు వాడిన ‘ఆర్సెనోకొయితై’ (అక్షరాలా ‘మగవారితో పడుకునేవారు’) అనే గ్రీకు పదం ఆయనకు ముందు రచనల్లో కనబడదు. పరస్పర ప్రేమతో కలిసి బతికే జంటలకు అది వర్తిస్తుందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇంత సందేహమున్న మాటతో ఒకరిని గుడి గడప దాటనివ్వకపోవడం నాకు న్యాయంగా తోచదు.

కాథలిక్ సంఘం స్వలింగ వివాహాన్ని ఒప్పుకోదు. అయినా గే, లెస్బియన్ వ్యక్తులను గౌరవంతో, కరుణతో స్వీకరించాలని దాని బోధగ్రంథమే అంటుంది. 2023 డిసెంబరులో, పూజావిధికి బయట స్వలింగ జంటలను ఆశీర్వదించడానికి గురువులకు (ఫాదర్లకు) వాటికన్ నుంచి అనుమతి వచ్చింది. అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘం 2015లో స్వలింగ వివాహాన్నే అంగీకరించింది.

ఇంట్లోవాళ్లు ‘ప్రార్థిస్తే మారిపోతావు’ అని ఒత్తిడి చేస్తుంటే ఒకటి చెప్పండి. అలా మార్చే పనిమీదే దశాబ్దాలు నడిచిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ 2013లో క్షమాపణ చెప్పి మూతపడింది.