గేదెకు నూనె పోస్తే పాలలో వెన్న పెరుగుతుందా?

మీ ముర్రా గేదె ఈని రెండు నెలలైందని, పాలకేంద్రంలో ఏడు శాతం వచ్చే ఫ్యాట్ (వెన్న శాతం) ఐదున్నరకు దిగిందని, ఎవరో చెప్తే రోజూ పావుకిలో కొబ్బరినూనె దాణాలో కలుపుతున్నానని రాశారు. ముందు ఆ నూనె ఆపేయండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇంట్లో ఎప్పుడూ పాడి ఉంటుంది. కోనసీమలో కొబ్బరికి కొదవేముంది, ఈ ప్రయోగం మా వీధిలో చాలామందే చేశారు.

నూనె ఎక్కువైన సంగతి పేడ చూస్తే తెలిసిపోతుంది. మా పక్కింటి బాబాయిగారి పాకలో చూశాను: పేడ జారుగా, జిడ్డుగా ఉండి, అందులో గడ్డి పరకలు అరగకుండా అలాగే కనిపించేవి. గేదె మేత దగ్గర నిలబడేది కానీ మూతి పెట్టేది కాదు, నెమరు కూడా తగ్గించేసింది.

ఎందుకంటే గేదె తిన్నది ముందు గేదెకు కాదండి, దాని పెద్దపొట్టలోని (నాలుగు పొట్టల్లో మొదటిది) సూక్ష్మజీవులకు అందుతుంది. మనం ఆ లోపలి పనివాళ్లకు వండిపెడుతున్నట్టే లెక్క. అవి గడ్డిలోని పీచును పులియబెట్టి ఎసిటిక్ ఆమ్లం లాంటివి తయారుచేస్తాయి. పాలలోని వెన్నలో దాదాపు సగం పొదుగులో వీటి నుంచే తయారవుతుంది. అంటే వెన్నకు మూలం వరిగడ్డే. నూనె ఎక్కువైతే పీచు అరిగించే జీవులే దెబ్బతింటాయి. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వాటికి అసలు పడదు. తవుడు నూనె సంగతి ఇంకోలా ఉంటుంది: పొట్టలోని జీవులు దాన్ని గట్టి కొవ్వుగా మార్చే క్రమంలో పుట్టే కొన్ని ఆమ్లాలు పొదుగులో వెన్న తయారీనే తగ్గించేస్తాయి.

దాణాతో సహా మొత్తం మేతలో, తడి పోను లెక్కేస్తే, కొవ్వు 6 శాతం దాటకుండా చూసుకోండి. అలా 12 కిలోలు తినే గేదెకు అది 720 గ్రాములు. గడ్డి, తవుడు, చెక్కల్లో (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) ఉన్న నూనె కూడా ఇందులోకే వస్తుంది. గానుగ కొబ్బరి చెక్క, నూనె తీయని తవుడు రెండూ దండిగా పెడుతుంటే మీరు విడిగా పోయాల్సింది ఏమీ ఉండదు.

బైపాస్ ఫ్యాట్ సంగతి వేరు. అది కాల్షియంతో కట్టిన కొవ్వు. పెద్దపొట్టలో కరగదు, నాలుగో పొట్టలోని ఆమ్లానికి విడిపోయి చిన్నపేగులో ఒంటికి పడుతుంది. ఈనిన కొత్తలో, పాలు బాగా ఇచ్చే గేదెకు రోజుకు 100-150 గ్రాములు పెట్టొచ్చు. నాలుగు లీటర్లిచ్చే గేదెకైతే డబ్బు దండగ అని నా అభిప్రాయం.

చెక్క పెంచాలా అని కూడా అడిగారు. వేరుశనగ చెక్కలోని మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం పెద్దపొట్టలోనే అమ్మోనియాగా విడిపోతుంది. సూక్ష్మజీవులు దానితో తమ ఒళ్లు పెంచుకుంటాయి, తర్వాత అవే చిన్నపేగులో అరిగి గేదెకు మాంసకృత్తులవుతాయి. కానీ అలా పెరగడానికి వాటికి అప్పటికప్పుడు శక్తి కావాలి. నూకలో, జొన్నపిండో లేకుండా ఉత్త చెక్క దంచేస్తే మిగిలిన అమ్మోనియా కాలేయంలో యూరియాగా మారి చాలావరకు మూత్రంలో పోతుంది. మీరు పెట్టిన ఖర్చు కాలవలో కలిసినట్టే. పత్తి చెక్క, కొబ్బరి చెక్క కాస్త నెమ్మదిగా విడిపోతాయి, అందుకే మేం వేరుశనగ తగ్గించి అవి కలుపుతాం. పిల్లిపెసర (పప్పుజాతి పచ్చిమేత) దొరికితే వదలకండి, ఉత్త వరిగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతమే.

ఇంకోటి, పాలు తీసేటప్పుడు దూడను ఎప్పుడు వదులుతున్నారో చూసుకోండి. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. అవి దూడ తాగేస్తే కేంద్రానికి పలచటి పాలే వెళ్తాయి. దూడను ముందు చేపుకు (పాలు దిగడానికి) వదిలి, దాని వంతు ఒక చన్ను విడిచిపెట్టి, మిగతావి పూర్తిగా పిండి, అన్నీ కలిపాకే శాంపిల్ ఇవ్వండి.