పోలీసులకు కావలసినవాడు

చిరంజీవికి,

నీ అనువాద కథ అందింది. వాక్యం నడక బాగుంది. కానీ పదకొండో పేజీ దగ్గర కాగితాలు బల్లమీద పడేసి లేచిపోయాను. మంచాన పడ్డ ముసలావిడ బైబిల్లో 23వ కీర్తన చదువుకుంటుంటే, ఆవిడ నోట 'యెహోవా నా కాపరి, నేనేమీ కోరుకోను' అనిపించావు. ఏ చర్చి గుమ్మంలో నిలబడినా వినిపించే మాటే కదయ్యా, 'యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు' అని! ఆవిడ చెబుతున్నది వైరాగ్యం కాదు, తనకే లోటూ రాదన్న ధీమా. ఉన్నపళంగా ఆవిణ్ణి సన్యాసుల్లో కలిపేశావు.

ఇంగ్లీషులో అక్కడున్నది 'ఐ షల్ నాట్ వాంట్'. 'వాంట్' కనబడగానే మనవాళ్ళ చెయ్యి 'కోరిక' మీదికే పోతుంది. వైకింగుల భాష పాత నార్స్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ మాటకి ఉన్న అర్థం 'లేకపోవడం, తక్కువపడటం'. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఉన్నదీ ఆ అర్థమే. కోరుకోవడం అన్నది 18వ శతాబ్దంలో గాని కుదురుకోలేదు. పాత అర్థం చచ్చిపోయిందా అంటే అదీ లేదు. 'ద ఫెన్స్ వాంట్స్ పెయింటింగ్' అని ఇంగ్లండు రైతు ఇప్పటికీ అంటాడు. నువ్వేమో 'కంచె రంగును కోరుకుంటోంది' అన్నావు. కంచెకేం కోరికలయ్యా! 'కంచెకి రంగు వెయ్యాలి', అంతే.

కుర్రతనంలో ఒక వారపత్రికకి రూజ్వెల్ట్ 1941 ప్రసంగం మీద వ్యాసం రాశాను. ఆయన చెప్పిన నాలుగు స్వేచ్ఛల్లో మూడోది 'ఫ్రీడమ్ ఫ్రమ్ వాంట్'. నేను 'లేమి నుంచి విముక్తి' అని రాస్తే, సబ్ ఎడిటరు గారు 'కోరికల నుంచి విముక్తి' అని దిద్ది అచ్చేశారు. అమెరికా అధ్యక్షుడు కాస్తా బుద్ధుడైపోయాడు. వెళ్ళి అడిగితే, 'లేమి అంటే పాఠకుడికి ఏం తెలుస్తుందండీ?' అన్నాడా మహానుభావుడు. పారితోషికం కూడా ఎగ్గొట్టారు. లేమి అంటే ఏమిటో నాకు మాత్రం బాగా తెలిసింది.

నిజంగా కోరికే అయినచోట్ల కూడా ఆ 'కోరుకుంటున్నాను' ఏమిటి? నీ తాగుబోతు 'నేను ఇంకో గ్లాసు కోరుకుంటున్నాను' అంటాడు. డబ్బింగ్ సీరియళ్ళు తెచ్చిపెట్టిన జబ్బిది. మనవాడు 'ఇంకోటి పొయ్యి' అంటాడు. తెలుగులో కోరిక 'తాగాలనుంది', 'పోవాలనిపిస్తోంది', 'ప్రాణం లాగుతోంది' అంటూ వస్తుంది. గుళ్ళో మొక్కుకునేటప్పుడు కోరుకుంటాం, పెళ్ళిపత్రికలో కోరతాం. టీకొట్టు దగ్గర ఎవడూ కోరుకోడు. పేపర్లో వాంటెడ్ ప్రకటన వేసేవాడు చూడు, 'వంటమనిషి కావలెను' అని ఎంత హాయిగా వేస్తాడో. ఆ 'కావలెను'ని నమ్ముకుని ఎక్కడపడితే అక్కడ వాడితే మళ్ళీ తంటా. నీ కథలో హంతకుణ్ణి 'పోలీసులకు కావలసినవాడు' అన్నావు. మన వాడుకలో కావలసినవాడంటే అయినవాడు, చుట్టం! చదివేవాడు వాడికి స్టేషన్లో కాఫీ ఇస్తారనుకుంటాడు. 'పోలీసులు వెతుకుతున్నవాడు' అను.

'కోరు' కనబడిన ప్రతిచోటా ఎర్రగీత గీసి, కట్ట పోస్టులో పంపుతున్నాను. ముందు ముసలావిడ పేజీ సరిచెయ్యి. ఎవరో ప్రచురణకర్త గురించి అడిగావు. ఆ మనిషి సంగతులు కాగితం మీద పెట్టేవి కావు, ఈసారి వచ్చినప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో.